తడారిన స్లాబు

పిల్లను సంపులోంచి పైకి తీసేసరికి పది గంటలైంది. పదకొండింటికి మోటారు వేశారు.

మధ్యలో ఉన్న ఆ ఒక్క గంటా నేను అక్కడే ఉన్నాను. అందుకే రాస్తున్నాను. నేను కథలు రాసేదాన్ని కాదు. ఖాజాగూడ దాటాక ఉన్న ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి టీచర్ని. పేరు ఉదయశ్రీ. మాది గుంటూరు వైపు, ఉండేది లింగంపల్లిలో. ఇది చదివేవాళ్ళు కూలి పని చేసుకునేవాళ్ళైతే నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, అంతా మీకు తెలిసిందే. చదువుకునే పిల్లలూ, అద్దాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళూ అయితే మాత్రం కాస్త కూర్చుని చివరిదాకా చదవండి.

ఆ పిల్ల పేరు హరిత. పదేళ్ళు. నా క్లాసే. యూనిఫాం వేసుకుని, రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుని ఉంది. భుజాలకి బ్యాగు తగిలించుకునే ఉంది. ఆ బ్యాగే ముందుకి జారి లోపలికి లాగేసిందని తర్వాత అన్నారు. పుస్తకాలు నీళ్ళు పీల్చి ఇటుకల్లా బరువెక్కాయి. నోట్సు తెరిస్తే సిరా కరిగిపోయి పేజీలన్నీ లేత నీలంగా ఉన్నాయి. అందులో నేను ఎర్ర పెన్నుతో పెట్టిన టిక్కులు కూడా పోయాయి.

తల్లి వసంత ఇసుక కుప్ప మీద కూలబడి ఆ బ్యాగు పట్టీలను పిండుతోంది, బట్టలు పిండినట్టు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తండ్రి రాములు స్లాబు కింద చెక్కలు కొట్టే సెంట్రింగ్ పని చేస్తాడు. పదకొండో అంతస్తు నుంచి సుత్తి చేత్తో పట్టుకుని దిగి వచ్చాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

సైటు మేనేజరు సుబ్బరాయుడు నా పక్కకి వచ్చాడు. మనిషి చెడ్డవాడిలా కనిపించడు. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

"చూడండి మేడం, సైటులోకి పిల్లలు రాకూడదని బోర్డు పెట్టామండీ. మీరు చదువుకున్నవాళ్ళు, మన వైపు వాళ్ళు. మీకు నేను చెప్పాలా?"

"సంపుకి మూత ఏదండీ?"

"పెట్టిస్తానండీ. రేపే పెట్టిస్తాను."

అంబులెన్సు పదిన్నరకి పిల్లనీ తల్లిదండ్రుల్నీ తీసుకుని దవాఖానకి వెళ్ళిపోయింది. గేటు మూశారు. సుబ్బరాయుడు గడియారం చూసుకున్నాడు, తల ఎత్తి తొమ్మిదో అంతస్తు వైపు చూశాడు. "పైన ఆరిపోతోందయ్యా. మోటారు వెయ్యి" అని పంపు దగ్గరి మనిషికి చెప్పాడు.

అతను కదల్లేదు. "సార్... నీళ్ళు మార్వొద్దా?"

"ముప్పై వేల లీటర్లు ఎక్కడ పారబోస్తావు? వెయ్యి."

మోటారు వేశారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కాంక్రీటు పోసిన తర్వాత దాన్ని పద్నాలుగు రోజులు తడి ఆరనివ్వకూడదు. పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి, స్లాబు మీద సిమెంటుతో చిన్న చిన్న కట్టలు కట్టి నీళ్ళు నిలబెడతారు. క్యూరింగ్ అంటారు. ఆడవాళ్ళ పని అది, రోజంతా పైపు పట్టుకుని ఎండలో తిరగాలి. ఆరితే పగుళ్ళొస్తాయి. అందుకని నాలుగు టవర్లకి నీళ్ళు పగలంతా ఆగవు. ఆ టవర్లు కట్టేవాళ్ళ క్యాంపు రేకుల కంచెకి ఇవతల ఉంది. తొంభై రేకుల షెడ్లు, అరవై రెండు మంది బడి ఈడు పిల్లలు, రోజుకి ఒక్క ట్యాంకరు. ఆ ట్యాంకరు తెల్లవారుజామున రోడ్డుకి అవతలి గేటెడ్ కమ్యూనిటీకి నీళ్ళు పోసి, క్యాంపుకి వచ్చేసరికి ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుతుంది. అమ్మానాన్నలు ఎనిమిదింటికే సైటులో ఉండాలి. మా బడి గంట తొమ్మిదింటికి.

మరి బిందె దగ్గర ఎవరుంటారు? ఆడపిల్లలు. మా బడికి ఆ క్యాంపు నుంచి మగపిల్లలు వచ్చేవాళ్ళు. ఆడపిల్లలు వారానికి రెండు రోజులొస్తే గొప్ప. వాళ్ళంతా పాలమూరు వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ బోర్లు ఎండిపోయాయని ఇక్కడికి వచ్చారు.

క్యాంపులో ఒక కట్టు ఉండేది. అంతకు ముందు వేసవిలో ట్యాంకరు దగ్గర ఒకామె తల పగిలింది. అప్పుడు క్యూరింగ్ పని చేసే పోచమ్మ అనే పెద్దావిడ అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పింది. బిందె పక్కన మనిషి ఉండాలి, మనిషి లేని బిందె వెనక్కి పోవాలి. అందరూ ఒప్పుకున్నారు. కొట్లాటలు ఆగిపోయాయి. సుబ్బరాయుడు కూడా ఆమెను మెచ్చుకున్నాడు. మెచ్చుకోడూ! ట్యాంకరు పెంచే పని తప్పింది కదా.

ఇక నా సంగతి. హరిత చనిపోయే ముందు రోజు, సోమవారం, తొమ్మిది రోజుల తర్వాత బడికి వచ్చింది. నేను దాన్ని అందరి ముందూ నిలబెట్టాను. "రేపు తొమ్మిదింటికి నువ్వు ఈ గదిలో లేకపోతే నీ పేరు కొట్టేస్తాను. మళ్ళీ వచ్చి ఏడ్చినా రాసుకోను" అన్నాను. అలా పేరు కొట్టేసే అధికారం నాకు లేదు. టీచర్లం మేం ఇలాంటి అబద్ధాలు రోజూ ఆడతాం, పిల్లలు నవ్వేసి మర్చిపోతారు. హరిత మర్చిపోలేదు.

మంగళవారం ఎనిమిదీ నలభై ఐదుకి కూడా ట్యాంకరు రాలేదు. బిందె వదిలి వస్తే ఇంట్లో నీళ్ళుండవు, వదలకపోతే పేరుండదు. కంచెలో ఒక రేకు ఊడి ఉంది. దాని అవతల సంపు. "బిర్రన ముంచుకొని, బిందె ఇంట్ల వెట్టి ఉరుకుత" అని పక్కన నిలబడ్డ తేజస్వినికి చెప్పి వెళ్ళింది. తేజస్విని కూడా నా క్లాసే. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూసింది. సంపు నీళ్ళ మీద ఖాళీ బిందె తేలుతోంది. సైటు గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లల్ని రానివ్వడు కాబట్టి అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు నేను హాజరు పిలుస్తున్నాను. హరిత పేరు పిలిచి, జవాబు లేక, తల ఎత్తేసరికి గుమ్మంలో తేజస్విని ఉంది.

ఆ తర్వాత పది రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే ముందు చిన్నగా ఒక గాలి చప్పుడొస్తుంది చూడండి, అది వినగానే నా చెయ్యి ఆగిపోయేది. మా వారు శ్యామ్ వచ్చి కుళాయి కట్టేసేవాడు. క్లాసులో మూడో వరసలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. సర్దుకుని కూర్చోమంటే పిల్లలు నా ముఖం చూసేవాళ్ళు, కదిలేవాళ్ళు కాదు. ఒకరోజు అన్నం బెల్లు కొట్టాక తేజస్విని నెమ్మదిగా అడిగింది.

"మేడం, దాని పేరు కొట్టేసినవా?"

"లేదమ్మా."

"కొట్టెయ్యకు. అది ఇంక వస్తనే ఉన్నదేమో."

పదకొండో రోజున పోచమ్మ బడికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. పెదవులు పగిలి ఉన్నాయి. మంచినీళ్ళిస్తే చేత్తో వద్దంది.

"నీకొకటి చెప్పాలె టీచరమ్మా. గా రోజు పైపు నా చేతులనే ఉండె. కింద ఏమైందో నాకెవ్వలు చెప్పలే. జరసేపు నీళ్ళు బంద్ అయినయ్, కరెంటు పోయిందనుకున్న. మళ్ళ వచ్చినయ్. ఒంటిగంట దాంక కొట్టిన. పిల్లర్లకు కొట్టిన, గోడలకు కొట్టిన. ఎండకు మొకం మండుతుంటే గవే నీళ్ళు మొకం మీద కొట్టుకున్న."

వద్దన్న నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"తొమ్మిదో అంతస్తుల మూలకున్న పిల్లర్ ఆర్తలేదు. దానికి నీళ్ళు కొట్టుడు బంద్ వెట్టి వారమాయె. పొద్దుగాల పోతే తడిగనే ఉంటది. ఇంజినీరు లీకేజీ అంటడు. యాడికెళ్ళి లీకేజీ? పైన పైపే లేదు. ఆడోళ్ళం అందరం చూసినం. ఎవ్వలం ఆ మూలకు పోతలేం."

"పోచమ్మా..."

"బిందె పక్కన మనిషుండాలె అన్నది నేనే. నా నోటితోనే అన్న."

ఆదివారం మధ్యాహ్నం క్యాంపులో మీటింగు పెట్టారు. మీటింగ్ అని ఎవరూ అనలేదు, పదకొండో రోజు దాటింది కదా, ఒకసారి కూర్చుందామన్నారు. రెండు షెడ్ల వరసల మధ్య నీడలో రెండొందల మంది దాకా చేరారు. ఒడిశా కుర్రాళ్ళు వెనక నిలబడి భాష సగం అర్థమై సగం కాక వింటున్నారు. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకుండా ఉండలేక.

"సంపుకు మూతైతే వెట్టిండ్రు గద" అన్నాడొకాయన.

"నా బిడ్డను మింగినంక వెట్టిండ్రు" అంది వసంత.

"అది కాదక్కా. ఇప్పుడు లొల్లి వెడితే రేపు గేటు బయటుంటం. షెడ్డు గూడ కాళీ చెయ్యమంటరు. పిల్లల్ని ఏసుకొని యాడికి పోతం?"

"పిల్లలు ఉంటే గద ఏసుకొని పోయేది."

పోచమ్మ లేచింది. బిందెల కట్టు తనే పెట్టానని, ఆ పిల్ల చావు తన నోటి నుంచే వచ్చిందని అందరి ముందూ చెప్పి, వసంత కాళ్ళ దగ్గర కూర్చుంది. అప్పుడు నేనూ లేచాను. సోమవారం నేనన్న మాట చెప్పాను. ఆ మాట అబద్ధమని కూడా చెప్పాను. రాములు నా వైపు ఒక్క అడుగు వేశాడు, పక్కవాళ్ళు పట్టుకున్నారు. పట్టుకోకపోయినా బాగుండేదనిపించింది.

వసంత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నా ముంగట మీరిద్దరు ఏడ్వకుండ్రి" అంది. "మీ ఏడుపు నేనేం జేసుకోవాలె? తప్పంత మీరిద్దరే పంచుకుంటుండ్రు. మరి గా మేనేజరుకేం మిగిలింది? ట్యాంకరు ఆరింటికొస్తే నువ్వు కట్టు వెడుతుంటివా అవ్వా? ఈమె బెదిరిస్తుండెనా? ఈడ నల్లా ఉంటే నా బిడ్డ ఆ రేకు సందుల దూరుతుండెనా? స్లాబుకు దినమంత నీళ్ళున్నయ్. నా బిడ్డకు బిందెడు లేకపాయె."

ఆమె నన్ను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. పక్కన కూర్చుంటుంది, మాట్లాడుతుంది, అంతే. క్షమించకపోయినా కలిసి కొట్లాడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

సోమవారం పదిమంది వెళ్ళి సుబ్బరాయుడిని అడిగారు. రెండొందల గజాల అవతల రోడ్డు వెంట మంచినీళ్ళ పైపు పోతోంది, దాన్నుంచి క్యాంపుకి నల్లా వెయ్యాలి. నల్లా వచ్చేదాకా ట్యాంకరు ఆరింటికి రావాలి. పిల్ల ఎలా చనిపోయిందో కంపెనీ ఉన్నదున్నట్టు రాసివ్వాలి.

"ఆర్నెల్లలో ఖాళీ చేసే క్యాంపుకి నల్లా ఎందుకయ్యా?" అని ఆయన నవ్వాడట.

"మా పిల్లలు గూడ ఆర్నెల్లకు ఖాళీ అయితరా సార్?" అని పోచమ్మ అడిగిందట. ఆయన ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే వసంత ఆ మాట అంది. ఆమెది కూడా క్యూరింగ్ పనే. "గురువారం పన్నెండో స్లాబు పోస్తున్నరు. పోయనియ్యి. శుక్రవారం పొద్దుగాల పైపు ముట్టొద్దు."

రాములు తలెత్తాడు. "పగుల్తది వసంతా."

"పగలనియ్యి."

"నీకు తెల్వది. పన్నెండు దినాలు ఆ చెక్కలు కొట్టిన. ఒక్కొక్క మొల నా చేతులతోని కొట్టిన. మనం పోసింది మన కండ్ల ముంగట పగుల్తుంటే ఎట్ల చూస్తం?"

"చూస్తం. నేను చూడలేదా?"

ఆ టవరులో క్యూరింగ్ చేసే ఇరవై మూడు మంది ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. ఎవరూ నినాదాలివ్వలేదు. పప్పు ఉడికిందో లేదో చూసుకోవడానికి ఎవరి షెడ్డుకి వాళ్ళు వెళ్ళారు.

గురువారం చీకటి పడే వేళదాకా స్లాబు పోశారు. శుక్రవారం ఉదయం ఆడవాళ్ళు పన్నెండో అంతస్తు ఎక్కారు, పైపుల్ని వరసగా నేల మీద పెట్టారు, దిగి వచ్చి క్యాంపులో బిందెల వరస పక్కన కూర్చున్నారు. పోచమ్మ లేచి నిలబడి ఆడపిల్లలందరికీ వినిపించేలా అరిచింది.

"ఈ దినం నుంచి మనిషి లేని బిందెను ఎవ్వలు జరపరు. నేను వెట్టిన కట్టు నేనే తీసేస్తున్న. మేం కూసుంటం ఈడ. మీరు బడికి పోండ్రి."

ఆ రోజు తొమ్మిదింటికి మా బడి వరండా నిండిపోయింది. అరవై ఒక్క మంది. కొందరి ముఖాలు నాకు కొత్త. కూర్చోవడానికి చోటు లేదు, మూడో వరసలో మాత్రం ఆ కాస్త జాగా వదిలి ఇరుక్కుని కూర్చున్నారు. హెడ్మాస్టరు నారాయణప్ప గారు వచ్చి, చూసి, కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయారు.

పన్నెండున్నరకి రాములు బడికి వచ్చాడు. "వసంత రమ్మంటుంది. కాయిదం సదవాలంట."

ఫిబ్రవరి ఎండే అయినా గాలి పొడిగా కొడుతోంది. నేను వెళ్ళేసరికి క్యాంపు ముందర నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. స్లాబుకి నీళ్ళు కొట్టడానికి సుబ్బరాయుడు బయటి నుంచి పిలిపించాడు. డ్రైవరు కుమార్, రోజూ క్యాంపుకి వచ్చేవాడే, కూర్చున్న ఆడవాళ్ళను చూసి ఇంజన్ ఆపేశాడు. "పంపు ఖరాబైంది సార్" అని చెప్పి దిగి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. ట్యాంకరు వెనక పైపులోంచి నీళ్ళు చక్కగా కారుతున్నాయి.

సుబ్బరాయుడి చొక్కా చెమటకి తడిసిపోయింది. నన్ను చూసి ప్రాణం లేచి వచ్చినట్టు ఎదురొచ్చాడు. "మీరైనా చెప్పండి మేడం. నల్లా వేస్తామంటున్నాం కదండీ. రేపు పొద్దున్నే పైపులు దింపుతాం. పై వాళ్ళతో మాట్లాడి ఒప్పించాను. ఈ ఒక్క సంతకం పెట్టి ఆ పైపులు ఎత్తమనండి. గంట గంటకీ ఆరిపోతోందండీ."

కాగితం వసంత చేతికిచ్చాడు. వసంత నాకిచ్చింది. "అంత సదువు. ఒక్క మాట ఇడ్వకు."

చదివాను. తమ కుమార్తె హరిత తల్లిదండ్రుల అజాగ్రత్త వల్ల ఆడుకుంటూ సైటులోకి వెళ్ళి ప్రమాదవశాత్తూ సంపులో పడి మరణించినదనీ, ఇందులో కంపెనీ బాధ్యత ఏమీ లేదనీ, దీనిపై ఎక్కడా ఫిర్యాదు చేయబోమనీ ఉంది. చివరన తల్లిదండ్రుల సంతకాలకి చోటు.

రాములు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"పెడదాం వసంతా" అన్నాడు. "అది ఇగ రాదు. అందరి పిల్లలకు నీళ్ళొస్తయ్. ఆడపిల్లలు బడికి పోతరు. బిడ్డ గూడ గదే అడుగుతుండె."

వెనక నుంచి ఒకామె ఏడుపు గొంతుతో అంది. "వెట్టక్కా. మా పిల్లల కోసం వెట్టు."

ఇంకొకాయన అరిచాడు. "ఏం వెట్టేది? రేపు నా బిడ్డ వడితే గూడ గిదే కాయిదం తెస్తడు!"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఎటు చూసినా నిజమే. నేను వసంత ముఖం వైపు చూడలేక కాగితం వైపే చూస్తూ నిలబడ్డాను. పోచమ్మ నెమ్మదిగా అంది, "గిది వసంత ఒక్కదాని సంతకం కాదు. అది ఏమంటే మనందరం గదే అందాం. ఆగుండ్రి."

వసంత నన్ను అడిగింది. "ఏమని రాసిండ్రు? ఎట్ల పోయిందని?"

"ఆడుకుంటూ వెళ్ళి అని ఉంది."

"ఆడుకుంట?"

ఆమె లేచింది. సుబ్బరాయుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు పెంచలేదు.

"సార్, బ్యాగేసుకొని ఎవరన్న ఆడుకుంటరా? రిబ్బన్లు నేనే కట్టిన. ఆల్చమైతదే అమ్మా, తొందరగ కట్టు అన్నది. నా బిడ్డ ఆడుకుంట పోలే. బడికి పోతుండె. ఇంట్ల నీళ్ళు లేక, బడికి ఆల్చమైతదని, నీ సంపు కాడికొచ్చింది. గది రాయి. బడికి పోతుండె అని రాయి. నీ సంపుకు మూత లేకుండె అని రాయి. ఇప్పుడే వేలిముద్ర ఏస్త."

"అలా రాయడం కుదరదమ్మా..."

"నాకు గిట్ల కుదరదు."

ఇరవై మూడు మందిలో ఒక్కరు కూడా లేవలేదు. వెట్టక్కా అని ఏడ్చినామె కూడా కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకాస్త ముందుకి జరిగి వసంత పక్కకి వచ్చి కూర్చుంది.

రెండు దాటాక రాములు ఎవరికీ చెప్పకుండా పన్నెండో అంతస్తు ఎక్కి దిగాడు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "పగులు వట్టింది" అన్నాడు. "ఎంటికంత సన్నగ. నడిమిట్ల నుంచి మూలకు పోయింది. ఇంకోటి దాని పక్కన లేస్తున్నది." ఆ మనిషి తన బిడ్డను మట్టిలో పెట్టిన రోజు ఏడవలేదని వసంత నాకు చెప్పింది. ఇప్పుడు ఏడ్చాడు. ఏడ్చి, వచ్చి, ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాడు.

మూడింటికి పోలీసులు రెండు వ్యాన్లలో వచ్చారు. పనికి అడ్డం పడుతున్నారని, ఆస్తికి నష్టం చేశారని అన్నారు. సంపులో పిల్ల చనిపోయిన రోజు ఒక్క కానిస్టేబుల్ వచ్చి పది నిమిషాలు నిలబడి వెళ్ళాడు. స్లాబుకి పగులు పడితే నలభై మంది వచ్చారు. ఆడవాళ్ళను రెక్కలు పట్టి ఎక్కిస్తుంటే బిందెలు దొర్లిపోయాయి. ఒక ఆఫీసరు నన్ను గుర్తుపట్టి, "మేడం, మీరు గవర్నమెంట్ ఉద్యోగి. పక్కకి జరగండి, లేకుంటే మీ నౌకరికే పరేషాన్" అన్నాడు.

జరిగాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, పక్కకి జరిగాను. వ్యాన్ కదిలేటప్పుడు పోచమ్మ కిటికీలోంచి నన్ను చూసింది. తిట్టలేదు. "పిల్లలు బడికెళ్ళి వచ్చే యాళ్ళైంది. చూడు టీచరమ్మా" అంది.

నాలుగింటికి బడి వదిలితే పిల్లలు క్యాంపుకి వచ్చారు. షెడ్లు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మలు లేరు. మగవాళ్ళు గేటు దగ్గర మేస్త్రీతో కొట్లాడుతున్నారు. చిన్నవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. తేజస్విని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మేడం, అమ్మోళ్ళ కాడికి పోదాం" అంది. పోదామన్నాను.

అందరం నడిచాం. పెద్ద పెద్ద అద్దాల భవనాల కింద, క్యాబుల హారన్ల మధ్య, ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వరసగా నడిచాం. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న కుర్రాళ్ళు ఎక్స్‌కర్షన్ అనుకుని ఫొటోలు తీశారు. స్టేషన్ ముందర ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాను. ఆకలికీ భయానికీ పిల్లల ఏడుపు ఆగడం లేదు. నాకు తెలిసిన పని ఒక్కటే. లేచి నిలబడి, "ఏడో ఎక్కం" అన్నాను.

ముందు ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. తర్వాత అందరూ. ఎక్కం పూర్తవుతుండగా ఆఫీసరు బయటికొచ్చాడు.

"ఏంది మేడం గిది? పోలీస్ స్టేషన్ అనుకున్నవా, బడి అనుకున్నవా?"

"పిల్లలు వరసగా కూర్చుని చదువుకుంటున్నారు, నేను చెబుతున్నాను. దీన్ని బడే అంటారండీ. వాళ్ళ అమ్మలు బయటికి వచ్చేదాకా ఇక్కడే చెబుతాను. ఇప్పుడు నా పేరు కూడా రాసుకోండి."

ఆయన లోపలికి వెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. నా ఫోను కూడా మోగింది. సుబ్బరాయుడు. నల్లా వేస్తామండీ, ఆ కాగితం లేకుండానే వేస్తాం, మిగతా మూడు టవర్లలో కూడా ఆడవాళ్ళు పైపులు కింద పెట్టేశారు, ఎత్తమని మీరొక్క మాట చెప్పండి అన్నాడు. అతను చెబుతుండగానే నాకు కనిపించింది. రోడ్డు మలుపు తిరిగి వాళ్ళు వస్తున్నారు. తలల మీద పసుపు హెల్మెట్లు, కాళ్ళకి ఎండిన సిమెంటు, చేతుల్లో చంటిపిల్లలు. నార్సింగి వైపు వేరే కంపెనీ క్యాంపు ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ వెంట నడిచి వచ్చిన పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు, ఏ బడీ చూసి ఉండదు. ఆ పిల్లలు వచ్చి మా పిల్లల వెనక కూర్చున్నారు.

నేను స్టేషన్ కిటికీ దగ్గరికి వెళ్ళి సుబ్బరాయుడి మాట వసంతకి అరిచి చెప్పాను.

లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది. "నల్లా ఎట్లైనా ఎయ్యాల్సిందే. నా బిడ్డ బడికి పోతుండె అని రాసేదాంక పైపు ముట్టమని చెప్పు."

చెప్పాను. ఫోను కట్టేశాను. పిల్లల వైపు తిరిగి ఎనిమిదో ఎక్కం మొదలుపెట్టాను. కొత్త పిల్లలకి రాదు, పెదవులు కదుపుతూ పక్కవాళ్ళ నోళ్ళు చూస్తున్నారు. గొంతులు కలవక ఎక్కం తడబడి నెమ్మదించింది. అప్పుడు కిటికీ ఊచల అవతల నుంచి వసంత మళ్ళీ అరిచింది.

"గట్టిగ సదువుండ్రి బిడ్డా! లోపలికి ఇనొస్తలేదు!"

పిల్లలు ఎనిమిదో ఎక్కం మొదటి నుంచి అందుకున్నారు.